ఇద్దరు చూసుకున్న ట్యాంకు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను ఉప్పల్ బ్రాంచికి సర్వీస్ ఇన్‌ఛార్జిగా వేశారు. మా కంపెనీ ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ అక్వేరియంలు అమర్చి, ఆ తర్వాత నెలనెలా వాటి బాగోగులు చూసేది. హెల్పర్, టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, ఆ పైన సర్వీస్ ఇన్‌ఛార్జి. మా దగ్గర ఉన్న మెట్లు అవే. జువాలజీ డిగ్రీతో టెక్నీషియన్‌గా చేరిన నేను చివరి మెట్టు ఎక్కేసరికి జుట్టు నెరిసింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు ట్యాంకులన్నీ నా కిందికి వచ్చాయి. మా పని అంటే చేపలు పెంచడమని చాలామంది అనుకుంటారు. నిజానికి మొక్కలున్న ట్యాంకులో చేపల పని తక్కువ, నీళ్ల పని ఎక్కువ.

ఆ బ్రాంచిలో నేను దగ్గరుండి అమర్చిన మొదటి మొక్కల ట్యాంకు నాచారంలో నర్సింహ గారి ఇంట్లో. ఆయనకు మల్లాపూర్‌లో లేత్ వర్క్‌షాపు ఉండేది. తమ్ముడు శ్రీనివాస్ కూడా అందులోనే పనిచేసేవాడు. ఇంట్లో కింద అన్న, ఆయన భార్య యాదమ్మ. పైన తమ్ముడు, అతని భార్య పద్మ. వంట మాత్రం అందరికీ కిందే. పద్మ పుట్టిల్లు తెనాలి దగ్గర. సాయంత్రాలు పైనే పిల్లలకు ట్యూషన్లు చెప్పేది.

నర్సింహ గారు ఎవరి ఆఫీసులోనో అక్వేరియం చూసి మనసు పడ్డారు. ఆయన ఊహలో ఉన్నది రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరుస్తూ బుడగలు వదిలే బొమ్మ. నేను కొలతలు తీసుకుంటుంటే పద్మ వచ్చి నిలబడింది.

“ప్లాస్టిక్‌వి ఎందుకండీ బావగారూ? నిజం మొక్కలే పెట్టిద్దాం. నేను చూసుకుంటాను” అంది.

ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. “మా మరదలు అన్నదంటే అయిపోయినట్టే సార్. అసలు మొక్కలే పెట్టున్రి” అన్నారు.

నాలుగడుగుల ట్యాంకు నిండితే బీరువా కంటే చాలా ఎక్కువ బరువు తూగుతుంది. అందుకే పై అంతస్తు వద్దని, కింద హాల్లో ఎండ పడని గోడ ఎంచుకున్నాను. అక్కడి బోరు నీళ్లు గట్టివి, సున్నం ఎక్కువ. అందులో ఫిల్టర్ నీళ్లు కలిపి మెత్తబరిచాం. అడుగున సారమున్న మట్టి, దాని మీద సన్న గులకరాయి వేసి మొక్కలు నాటాం. నీళ్లలో మొక్కలు బాగా ఎదగాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి. దానికి చిన్న సిలిండరు, గ్యాస్‌ను బుడగలు బుడగలుగా వదిలే నాబ్ బిగిస్తాం. గ్యాస్ ఎంత కరిగిందో చెప్పడానికి ట్యాంకులో ఒక గాజు బుడ్డి వేలాడుతుంది. అందులోని ద్రవం నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చగా ఉంటే సరిపడా, పసుపైతే చేపలకు ప్రమాదం. ఒక చిక్కుంది. గ్యాస్ మారిన చాలాసేపటికి గానీ ఆ రంగు మారదు. రాత్రిళ్లు టైమర్ గ్యాస్ ఆపేస్తుంది కాబట్టి పొద్దుటిపూట ఎప్పుడు చూసినా నీలమే. సాయంత్రం, లైటు ఆరేముందు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఇదంతా నర్సింహ గారికీ పద్మకీ చెప్పాను.

చేపలు వేయడానికి కొన్ని వారాలు ఆగాలి. నీళ్లలో మేలు చేసే సూక్ష్మజీవులు స్థిరపడేదాకా వేస్తే బతకవు. ఈలోగా ఇంకో పరీక్ష వచ్చింది. క్రిప్టోకొరైన్ అనే మొక్కను చోటు మారిస్తే దాని ఆకులు జావలా కరిగిపోతాయి. వేరు మాత్రం బతికే ఉంటుంది. నర్సింహ గారు ఫోన్ చేసి, మొక్కలు కుళ్లిపోయాయి, మార్చి పొమ్మన్నారు. నేను వెళ్లేసరికి పద్మ ఆయన్ను ట్యాంకు మీద చెయ్యి వేయనివ్వకుండా ఆపి ఉంది. ఆ తర్వాత మొదటి చిగురు చూసింది ఆయనే. వర్క్‌షాపు నుంచి నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

తర్వాత ఏడాదిన్నర పాటు అది మా బ్రాంచిలోకెల్లా మంచి ట్యాంకు. నియాన్ టెట్రాలనే చిన్న నీలిచారల చేపలు గుంపుగా మొక్కల మధ్య తిరిగేవి. ఆయన రాత్రి భోజనానికి ముందు మేత వేసేవారు. ఆమె ట్యూషన్ ముగించుకుని దిగి, పెరిగిన ఆకులు కత్తిరించేది. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని బుడ్డి రంగు గురించి వాదించుకోవడం నేను చూశాను. యాదమ్మ నవ్వుతూ, “ఇంట్ల ఇద్దరు మనుషులు నీళ్లల్లనే ఉంటరు సార్” అనేది.

ఆ తర్వాత అన్నదమ్ములకు వర్క్‌షాపు దగ్గర చెడింది. శ్రీనివాస్ కంప్యూటర్‌తో నడిచే మెషీన్ పెడదామన్నాడు, అన్న ఒప్పుకోలేదు. తమ్ముడు ఘట్‌కేసర్ దగ్గర సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. పాత కస్టమర్లు కొందరు అతని వెనక వెళ్లారు. అన్న దాన్ని మరిచిపోలేకపోయారు. పైన వేరే పొయ్యి వెలిగింది. మాటలు ఆగిపోయాయి.

ఇంటి గొడవల్లో తల దూర్చకూడదన్నది మా కంపెనీలో మొదటిరోజే చెప్పే నియమం. నేను ఎప్పటిలా నెలకోసారి వెళ్లి నీళ్లు మార్చి వచ్చేవాణ్ణి. ఇప్పుడు సోఫాలో నర్సింహ గారు ఒక్కరే ఉండేవారు. ఆ వేసవిలో గాజు మీద నాచు పట్టడం మొదలైంది. మేత ఎక్కువైతే అలా అవుతుంది. అడిగితే, రాత్రి ఒక్కపూటే వేస్తున్నానన్నారు. ఎండలు కారణం అనుకున్నాను.

ఒకసారి మెట్ల దగ్గర పద్మ నన్ను ఆపింది. “ట్యాంకు ఎలా ఉంది సార్?” అని అడిగింది. నాచు పడుతోందని చెప్పాను. “బావగారిని మేత కొంచెం తగ్గించమనండి. ఆయన ప్రేమతో గుప్పెడు వేసేస్తారు” అంది.

లోపలికి వెళ్లి ఆ మాట చెప్పాను. నర్సింహ గారి మొహం వెలిగింది. “ఆమెనే అడిగిందా ట్యాంకు గురించి?” అన్నారు. అప్పుడు నేను నియమం పక్కన పెట్టి, మీరే ఒకసారి ఆమెను పిలవకూడదా అన్నాను.

“నాకు లేదా సార్ పిలవాలని? నేను పిలిస్తే ఆమె వస్తది. వస్తే మావోడు ఊకుంటడా? ఆమెకు మాటొస్తది. వద్దు, గట్లనే ఉండనీ” అన్నారు.

తిరిగి వస్తూ పద్మతోనూ అన్నాను. “ఆయన పిలవకుండా నేనెలా వస్తానండీ? ఆయనకు ఇష్టం లేదేమో” అంది. పిలవాలని ఆయనకు ఉందని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “ఉంటే ఆయనే అంటారు” అంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం యాదమ్మ ఫోన్ చేసింది. “సార్, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్, జల్ది రాన్రి” అంది. గ్యాస్ కట్టేసి, చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండమని చెప్పి బండి తీశాను. పైనుంచి పోస్తే నీళ్లలోకి గాలి చేరుతుంది. గ్యాస్ ఎక్కువైనప్పుడు ముందుగా చేయాల్సింది అదే.

నేను వెళ్లేసరికి హాలంతా నీళ్లు. ట్యాంకుకు అటూ ఇటూ నిలబడి నర్సింహ గారూ పద్మా చెంబులతో ముంచి పోస్తున్నారు. ఆయన వర్క్‌షాపు బట్టల్లోనే ఉన్నారు, చేతులకు గ్రీజు కూడా పోలేదు. గాజు బుడ్డి నిమ్మపండు రంగులో ఉంది. నేను సగం నీళ్లు తోడేసి కొత్తవి పోశాను. కొన్ని చేపలు తేరుకున్నాయి. చాలావరకు అప్పటికే మొక్కల మీద వెల్లకిలా పడి ఉన్నాయి. పద్మ వాటిని వలతో ఒక్కొక్కటిగా తీసి గిన్నెలో వేసింది.

ఇలాంటప్పుడు నాబ్ ఎవరు ముట్టుకున్నారని అడగడం మా పద్ధతి. అడిగాను.

“ఆకులు పాలిపోయినయని నిన్న రాత్రి జర తిప్పిన” అన్నారు నర్సింహ గారు.

“ఇవాళ పొద్దున నేనూ తిప్పాను. వచ్చినప్పుడల్లా బుడ్డి నీలంగానే ఉంటోంది” అంది పద్మ.

ఆయన చెంబు కింద పెట్టి ఆమెకేసి చూశారు. “వచ్చినప్పుడల్లానా? రోజూ వస్తున్నవా?”

జవాబు యాదమ్మ చెప్పింది. “రోజూ వస్తది. నువ్వు పోయినంక వచ్చి మేతేసి, ఆకులు కోసి పోతది. నీకు చెప్పొద్దన్నది.”

అప్పుడు నాకు నాచు సంగతి అర్థమైంది. చేపలకు రెండుపూటలా మేత పడుతోంది. బుడ్డి చూడాల్సిన వేళ సాయంత్రం. ఆ వేళకు ఆమె దిగలేదు. దిగగలిగిన వేళకు అది ఎప్పుడూ నీలమే. సాయంత్రం చూసే ఆయనకు ఆకులు కనిపించాయి గానీ, రంగు విషయంలో చివరి మాట ఎప్పుడూ ఆమెకే వదిలేసేవారు. ఇద్దరూ తిప్పింది కొంచెం కొంచెమే. ఇద్దరిలో ఒక్కరే తిప్పి ఉంటే చేపలు బతికేవి.

“నాకొక్క మాట చెప్పకపోతివి పద్మా” అన్నారాయన. గొంతులో కోపం లేదు.

“మీరు రమ్మనలేదు కదా బావగారూ” అంది ఆమె.

ఇంకేమైనా అనుకునేవారేమో. శ్రీనివాస్ ఆ రోజు తొందరగా వచ్చాడు. గుమ్మం ముందు భార్య చెప్పులు చూసి, లోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు. “పద్మా, పైకి రా” అన్నాడు, గట్టిగా కూడా కాదు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నర్సింహ గారు తమ్ముడి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయారు. అతను అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

ఆ వారంలోనే ట్యాంకు తీసేయమని నర్సింహ గారు ఫోన్ చేశారు. మిగిలిన చేపలు బాగానే ఉన్నాయి, మొక్కలు నెలలో కోలుకుంటాయి, తొందరపడొద్దని చెప్పి చూశాను.

“మొక్కల ఫికర్ కాదు సార్. ఇది ఇక్కడుంటే ఆమె మనసు ఇక్కడ్నే ఉంటది. దిగినప్పుడల్లా పైన లొల్లి. ఇగ నాతోని కాదు, తీసెయ్యిన్రి” అన్నారు.

పాతుకున్న ట్యాంకును విప్పడం అమర్చడం కంటే ఎక్కువ పని. చేపల్ని పట్టి బకెట్లలో వేశాం. క్రిప్టోకొరైన్ వేళ్లు అడుగు మట్టి అంతా అల్లుకుని చాపలా లేచి వచ్చాయి. పద్మకు పైన చిన్న ట్యాంకు పెట్టిస్తానని, కంపెనీ ఇచ్చినట్టు చెప్పమని నర్సింహ గారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. మొక్కల తొట్టె మోసుకుంటూ బయటికి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయన చెప్పమన్నట్టే చెప్పాను.

“కంపెనీ ఇవ్వదు సార్, నాకు తెలుసు. వద్దండి. మా ఆయనకూ తెలిసిపోతుంది” అంది. తర్వాత, “నా మీద కోపంతో తీయించేస్తున్నారా?” అని అడిగింది.

కోపం కాదు, మీకు ఇబ్బంది రాకూడదని అన్నాను.

“ఆ మాట ఆయన నాతో అంటే బాగుండేది” అని లేచి పైకి వెళ్లిపోయింది.

ఆ మొక్కలు ఉప్పల్‌లో ఇంకో ఇద్దరు కస్టమర్ల ట్యాంకుల్లో సర్దాం. కరిగి, మళ్లీ చిగురించాయి. ఆ ఇల్లు మరుసటి ఏడాది అమ్ముడుపోయింది. అన్న నాగారం వెళ్లారు, తమ్ముడు షెడ్డుకు దగ్గరగా ఘట్‌కేసర్‌లో ఇల్లు తీసుకున్నాడు. రిటైరయ్యేముందు ఉప్పల్‌లో మందుల షాపు దగ్గర నర్సింహ గారు కనిపించారు. తమ్ముడూ తానూ ఇప్పుడు పెళ్లిళ్లలో కలిస్తే మాట్లాడుకుంటున్నామని చెప్పారు. పద్మ బాగుందట. కొత్త ఇంట్లో ట్యాంకు పెట్టమంటారా అని అడిగితే, “ఒక్కనితోని అయ్యే పని కాదు సార్ అది” అన్నారు.

రెండిళ్లలోనూ మళ్లీ ట్యాంకు పెట్టలేదు. ఆ ఇద్దరి కంటే శ్రద్ధగా ట్యాంకు చూసుకున్న కస్టమర్లు నా ఉద్యోగంలో నాకు తారసపడలేదు. ఇప్పటికీ అదే బాధగా ఉంటుంది.

ఆ ట్యాంకు విప్పిన నాటి నుంచి, కొత్త ట్యాంకుకు స్థలం చూడటానికి వెళ్లినప్పుడు నీళ్లు, గోడ, బరువుతో పాటు ఇంకొకటి కూడా అడిగేవాణ్ణి. దీన్ని చూసేది ఒక్కరా, ఇద్దరా? ఇద్దరైతే ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఒకరు నాబ్ తిప్పితే రెండోవారికి చెప్పాలని చెప్పేవాణ్ణి. చాలామంది నవ్వి సరేననేవారు. కొన్ని ఇళ్లలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తల ఊపేవారు. అలాంటి ఇళ్లలో సిలిండరు అవసరం లేని మొక్కలే పెట్టమని మా టెక్నీషియన్‌కు చెప్పేవాణ్ణి.