ఖాలా మా ఇంట్లో ఉన్న ఏడాది

ఆమె కొడుకూ నేనూ ఒక సహాయ సంస్థలో కలిసి పనిచేసేవాళ్ళం. యుద్ధంలో చిక్కుకున్న ఒక అరబ్బు దేశంలో ఊళ్ళకు తిండీ మందులూ చేరవేయడం మా పని. ఏ రోడ్డు తెరిచి ఉంది, ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలి, ఏ లారీ ఎటు పోవాలి అన్నవి నేను చూసేదాన్ని. గోదాము మొత్తం అతని చేతిలో ఉండేది. ఆ దేశం పేరు రాయను. మా సంస్థవాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

నేను చేరిన కొత్తల్లో ఒకరోజు పిండి బస్తాల మధ్య నిలబడి ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే వెనకనుంచి ఎవరో "హైదరాబాద్ కే హై క్యా అక్కా?" అన్నారు. ఉలిక్కిపడి తిరిగి చూశాను. పొడుగాటి మనిషి, జుట్టునిండా పిండి, మొహం నిండా నవ్వు. డిగ్రీ హైదరాబాద్‌లో చదివాడట. శాలిబండలో గది తీసుకుని ఉండేవాడట. మాది జహనుమా అని చెప్పగానే చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. "అరె, నడిచి వచ్చేంత దూరం!" అన్నాడు. అంత దూరదేశంలో మా గల్లీ భాష మాట్లాడేవాడు దొరికితే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ రోజు నుంచి మా మధ్య నడిచిందంతా దక్కనీ ఉర్దూయే. ఇక్కడ దాన్ని తెలుగులో రాస్తున్నాను.

అతనికి చిన్నప్పటినుంచీ షుగర్. ఇన్సులిన్ సూది వేసుకుంటేగానీ రోజు గడవదు. ఆ సంగతి ఎవరికీ పెద్దగా చెప్పేవాడు కాదు. టీకాలు దాచే ఫ్రిజ్‌లో ఒక మూల తన సీసాలు పెట్టుకునేవాడు. భోజనానికి ముందు పక్కకు తిరిగి, చొక్కా కాస్త ఎత్తి పొడుచుకుని, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చునేవాడు.

వాళ్ళ అమ్మకు గుండెలో కవాటం పాడైంది. అక్కడ ఆపరేషన్ చేసేవాళ్ళెవరూ మిగల్లేదు. "నేను చదివిన ఊరికి పంపుతానక్కా. నువ్వు సెలవులో పోతున్నావు కదా, నీతో తీసుకుపో" అన్నాడు. కోడలికి ఇద్దరు చిన్నపిల్లలు, రాలేదు. అతను గోదాము వదిలి రాలేడు. అలా ఆ పెద్దావిడ, నల్లటి బురఖాలో, ఒక చేతిలో మందుల సంచీ, ఇంకో చేతిలో నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

నేను ఆమెను ఖాలా అని పిలిచాను. పిన్నమ్మ అని అర్థం. ఆ మాట వాళ్ళ భాషలోనూ ఉంది, మా గల్లీలోనూ ఉంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కోలుకునేదాకా మా ఇంట్లోనే ఉంచుకుంటామని అమ్మ ముందే చెప్పింది. మాది పాల వ్యాపారం. నాన్న పోయాక నాలుగు బర్రెలనూ, రోజూ పాలు పోయించుకునే వాడకం ఇళ్ళనూ అమ్మే చూసుకుంటోంది. ఖాలా కొట్టం పక్కన మంచం వేయించుకుని కూర్చునేది. అమ్మ తెలుగులో మాట్లాడేది, ఆమె అరబ్బీలో జవాబిచ్చేది. ఇద్దరూ ఒకరికొకరు అడ్డురాకుండా గంటలు గంటలు చెప్పుకునేవారు. అమ్మ గొంతు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో చూసుకుని ఖాలా సరిగ్గా అక్కడే తల ఊపేది.

"ఏం ముచ్చట వెట్టుకున్నరే మీరు?" అని నేనడిగితే, "ఆమె కోడలి ముచ్చట చెప్తుంది బిడ్డా. మంచి పిల్లనట" అనేది అమ్మ. నిజంగా అదే చెప్పేది ఖాలా. అమ్మకు ఎలా తెలిసేదో నాకు తెలియదు.

కుట్లు మానుతున్న రోజుల్లో అక్కడ యుద్ధం ముదిరింది. విమానాలు ఆగిపోయాయి. బయటి దేశాల ఉద్యోగులంతా తిరిగి రావద్దని, ఉన్నచోటు నుంచే పనిచేయమని సంస్థ చెప్పింది. స్థానికులు మాత్రం అక్కడే ఉండిపోయారు. మేడమీద గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. కింద బర్రెలు అరుస్తుంటే, ఫలక్‌నుమా వైపు లోకల్ రైలు కూత వినపడుతుంటే, నేను రెండు సైన్యాల మనుషులతో మాట్లాడి మా లారీల కోసం ఒక వంతెన తెరిపించుకునేదాన్ని. కొన్నిరోజులు తెరిచేవారు. ఎక్కువ రోజులు తెరిచేవారు కాదు.

అతను భార్యనూ పిల్లల్నీ ఆమె పుట్టింటి ఊరికి పంపేశాడు. తాను గోదాము ఉన్న పట్నంలోనే ఉన్నాడు. కొద్దివారాల్లో ఆ పట్నం చుట్టూ దారులు మూసుకుపోయాయి.

రోజూ పొద్దున ఫోన్ చేసేవాడు. ముందు నాతో పని మాటలు, తర్వాత ఫోన్ ఖాలాకు. ఆమె అడిగే మొదటి మాట ఒకటే, "సూది వేసుకున్నావా?"

"వేసుకున్నానమ్మా."

కొన్నాళ్ళు అది నిజమే. ఒకరోజు నాతో మాట్లాడుతూ గొంతు తగ్గించాడు. "ఆసుపత్రికి వచ్చిన పెట్టెలోంచి నేనొక సీసా తీసుకున్నానక్కా. డాక్టర్‌కు చెప్పే తీసుకున్నా. అయినా ఎట్లనో ఉంది."

"రెండు తీసుకో. సిగ్గెందుకు?" అన్నాను.

"నిజానికి రెండు తీసుకున్నా" అని నవ్వాడు. ఆ పెట్టె తర్వాత ఇంకో పెట్టె ఆ పట్నానికి చేరలేదు.

పిండికి అనుమతి వచ్చేది. నూనెకూ పప్పుకూ వచ్చేది. మందుల మాట ఎత్తితే మాత్రం పట్నాన్ని చుట్టుముట్టినవాళ్ళు దరఖాస్తు కొట్టేసేవారు. అవి అవతలి పక్షం సైనికులకు పోతాయని వాళ్ళ అనుమానం. నేను మెయిళ్ళు రాశాను, ఫోన్లు చేశాను, అరిచాను, బతిమాలాను. ఒక డాక్టర్ల బృందం వెళ్తుందంటే వాళ్ళతో పంపాలని చూశాను. వాళ్ళను చెక్‌పోస్టు నుంచే తిప్పి పంపారు. చివరికి మా డ్రైవర్లలో ఒకాయన తన సీటు కింద ఫ్లాస్కులో ఐసు వేసి కొన్ని సీసాలు పెట్టుకుని బయలుదేరాడు. బండిని చెక్‌పోస్టు దగ్గర ఎండలో రోజుల తరబడి నిలబెట్టారు. అతని దగ్గరకు చేరేసరికి ఆ మందు మబ్బుగా, ముక్కలు ముక్కలుగా అయిపోయింది.

"అదే వేసుకుంటున్నా" అన్నాడు. "అమ్మకు చెప్పకు. గుండె కోసి కుట్టినోళ్ళకు ఇట్లాంటి ఖబర్ చెప్పొద్దు."

ఆ వారంలోనే ఖాలాకు రక్తం పలచబడే మాత్రలు తేవడానికి మా గల్లీ మూల మందుల షాపుకు వెళ్ళాను. షాపాయన మాత్రల కోసం వెనక్కి తిరిగినప్పుడు అతని వెనకున్న అద్దాల ఫ్రిజ్ కనపడింది. ఒక అరనిండా ఇన్సులిన్.

"ఇంకేం కావాలె అక్కా?" అన్నాడాయన.

నేను ఒక డబ్బా ఇమ్మన్నాను. ఎందుకు కొన్నానో నాకే తెలియదు. దాన్ని పంపే దారి ఈ భూమ్మీద లేదు. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. అమ్మ చూసి ఏంటని అడిగింది. చెప్పాను. అమ్మ చాలాసేపు ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడింది.

"సందు మూలకు దొరికేదానికి మనిషి పానం మీదికొచ్చుడేంది బిడ్డా?" అంది. "నువ్వు గింత పెద్ద పని చేస్తవు గదా. ఏం చెయ్యలేవా?"

"చేస్తున్ననే. ఐతలేదు."

అతను ఫోన్లో మాట్లాడుతూ మాటిమాటికీ ఆగేవాడు. గుటకల చప్పుడు వినపడేది. "ఎన్ని నీళ్ళు తాగినా దాహం పోతలేదక్కా" అన్నాడు. తర్వాతి రోజు వాంతులని చెప్పాడు. ఆ తర్వాత ఒక పొద్దున ఖాలాతో మాట్లాడినప్పుడు మాట ముద్దగా వచ్చింది. అయినా ఆమె అడిగింది, అతను వేసుకున్నానన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె మొహం చూడలేక కొట్టంలోకి వెళ్ళాను.

మర్నాడు అతని ఫోన్ రాలేదు. మధ్యాహ్నం ఆ ఫ్లాస్కు తీసుకెళ్ళిన డ్రైవర్ చేశాడు. ఆసుపత్రికి మోసుకెళ్ళారట. అక్కడ సెలైన్ మాత్రమే ఉందట. డ్రైవర్ ఏడుస్తూ, మధ్యలో ఆగి, రేపటి బండ్లకు గోదాము తాళాలు ఎవరికివ్వాలని అడిగాడు. ఎవరికివ్వాలో చెప్పాను. గొంతు మామూలుగానే వచ్చింది. ఫోన్ పెట్టేశాక మెట్లమీదికి వచ్చి కూర్చున్నాను.

అమ్మ పైకి వచ్చి చూసింది. అడగాల్సిన అవసరం లేకపోయింది.

"డాక్టర్‌ను అడిగి నాల్గురోజులాగి చెప్దామే" అన్నాను. "ఆమె గుండె..."

"కన్నతల్లికి చెప్పనీకి డాక్టర్‌ను అడుగుతవా?" అంది అమ్మ. "రేపు పొద్దుగాల ఫోన్ రాకపోతే ఏమని చెప్తవ్? లే. నువ్వు చెప్పు, నేను పక్కన కూసుంట."

నాకు వచ్చింది గోదాము అరబ్బీ. లారీ ఎక్కడుంది, రోడ్డు ఎప్పుడు తెరుస్తారు, బస్తాలు తడిశాయా, ఇవన్నీ తడుముకోకుండా అడగగలను. చావు గురించి కూడా మాటలు వచ్చు, కానీ అవి రిపోర్టుల్లో రాసే మాటలు. ఒక తల్లికి ఎలా చెప్పాలో ఆ భాషలో నాకెవరూ నేర్పలేదు.

ఖాలా మంచంమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అమ్మ వెళ్ళి ఆమెకు ఆనుకుని కూర్చుంది. నేను నేలమీద కూర్చుని ఆమె మోకాళ్ళు పట్టుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాను. అతని పేరు పలికేసరికి ఆమె చేతిలోని కాయ గంపలో పెట్టింది.

"పోయాడా?" అంది.

తల ఊపాను.

"ఫోన్లో మాటకు మాటకు మధ్య నీళ్ళు తాగుతున్నాడు" అంది ఖాలా. "ఏడేళ్ళప్పుడు ఆ రోగం పట్టినప్పుడూ అంతే. కుండ ఖాళీ చేసేవాడు. ఫోన్లో ఆ గుటకలు వినగానే తెలిసింది నాకు, సూది లేదని."

"మరి అడగలేదేం ఖాలా?"

"వాడు చెప్పొద్దనుకున్నాడు. మీరు కూడా దాస్తున్నారు. నేను అడిగితే ముగ్గురికీ కష్టం." నా చెంపమీద చెయ్యి పెట్టి, కోపం లేకుండా అంది. "ఇంత తొందరగా పోతాడని తెలిస్తే ఇంకొంచెంసేపు మాట్లాడేదాన్ని. నువ్వు పనిలో ఉన్నావని ఫోన్ తొందరగా ఇచ్చేసేదాన్ని."

అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా, ఆపరేషన్ గాటుమీద చెయ్యి అదిమిపెట్టుకుని. అమ్మ ఆమె తలను తన భుజంమీదకు లాక్కుంది. చాన్నాళ్ళ క్రితం ఫలక్‌నుమా పట్టాల దగ్గర రైలు కింద మా అన్న పోయినప్పుడు అమ్మ ఏడ్చిన ఏడుపు నేను విన్నాను. ఆ రోజు మళ్ళీ విన్నాను. ఇద్దరిలో ఎవరిది ఏ గొంతో తెలియలేదు.

మేం ఆపా, అంటే అక్క, అని పిలిచే పక్కింటావిడకు తెలిసి, ఆమె భర్త మసీదులో చెప్పాడు. ఆ శుక్రవారం, ఎన్నడూ చూడని మనిషికోసం, శవం లేకుండానే, పోయినవాళ్ళకు చేసే జనాజా నమాజు చేశారు. మూడురోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. ఏ పూటకాపూట ఎవరో ఒకరు అన్నం తెచ్చారు. వాడకం ఇళ్ళకు పాలు పోసే పని కూడా ఆపా కొడుకులే చూశారు.

నేను మెట్లెక్కి మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. లారీలు ఆగవు కదా. వంతెన అవతల జనం పిండికోసం చూస్తున్నారు. నెలన్నర తర్వాత మందులకు అనుమతి వచ్చింది. మొదటి బండిలోనే ఇన్సులిన్ ఎక్కించాం. కాగితాలమీద, గోదాములో సరుకు దించుకునే వ్యక్తి పేరు రాయాల్సిన చోట నా వేళ్ళు అలవాటుగా అతని పేరే కొట్టాయి. చెరిపి కొత్తాయన పేరు కొట్టాను. ఆ రోజు కిందికి భోజనానికి దిగలేదు. అమ్మ కంచం పైకి పంపించింది.

ఖాలా మాతో ఇంకొన్ని నెలలుంది. వీసా పొడిగించడానికి ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగాను. ఆమె మందులు వేళకు వేసుకునేది, వాకింగ్ చేసేది. బతకాలని ఆమెకు పెద్దగా కోరిక ఉన్నట్టు అనిపించేది కాదు, కానీ మనవలను చూడాలని ఉండేది. పొరుగుదేశం మీదుగా దారి తెరుచుకున్న వారంలోనే పోతానంది. విమానాశ్రయంలో అమ్మ ఆమె సంచీలో నెయ్యి డబ్బా కుక్కుతూ, "జల్ది రా అక్కా మళ్ళ" అంది. ఖాలా అర్థమైనట్టే తల ఊపింది. లోపలికి వెళ్ళేముందు వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ మాత్రం ఆమె కనపడకుండా పోయినా ఆ అద్దాల ముందే నిలబడింది.

మనవల దగ్గరకు చేరిందని కోడలు చెప్పింది. తర్వాత చాలారోజులు ఏ కబురూ లేదు. పట్నం చుట్టూ దారులు కొంత సడలాక ఖాలా అక్కడికి వెళ్ళి, గోదాము నుంచి నాకు వీడియో కాల్ చేసింది. అప్పుడే నాకు తెలిసింది, శ్మశానానికి దారి మూసుకుపోవడంతో అతన్ని గోదాము ప్రహరీ వెనకే పూడ్చారని. డ్రైవర్ నాతో ఆ మాట అనలేకపోయాడట. ఫోన్ తిప్పి చూపించింది. రెండు రాళ్ళు, ఎర్రమన్ను, దానిమీద టైర్ల జాడలు.

"పిండి తెచ్చే బండ్లు ఇక్కడ తిప్పుకుంటున్నాయి బిడ్డా" అంది. "కొత్త డ్రైవర్లకు తెలియదు. నువ్వు చెబితే వింటారు. కొంచెం అవతల ఆపుకొమ్మని చెప్పు."

నేను అప్పటికప్పుడు డ్రైవర్లందరికీ రాశాను. ఇకనుంచి వెనక గోడ పక్కకు బండ్లు తీసుకెళ్ళవద్దు, ముందు వాకిట్లోనే సరుకు దించండి అని. కారణం రాయలేదు. ముందు వాకిలి ఇరుకు, తిప్పుకోవడం కష్టం, మామూలుగా అయితే లొల్లి చేస్తారు. ఎవరూ ఏమీ అడగలేదు. సరే మేడమ్, సరే మేడమ్ అని ఒక్కొక్కరే జవాబిచ్చారు.