వరసమ్మ విలువ మూడు

సినిమాల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి ఒక్క ప్రేక్షకుడి కంట కూడా పడని మనిషిని చూడాలంటే వరసమ్మని చూడాలి. చేతకాక పడలేదనుకునేరు. కంట పడకపోవడమే ఆవిడకి చేతనైన పని.

గుంపు వేషాలకి ఓ ధర్మం ఉంది. మొదటి వరసలో నిలబడ్డ ముఖం జనానికి గుర్తుండిపోతుంది. పొద్దున పెళ్ళిలో నవ్విన ముఖం సాయంత్రం ఆసుపత్రిలో ఏడిస్తే హాల్లో ఎవడో ఒకడు పట్టేస్తాడు. అందుకని ముందు నిలబడ్డవాళ్ళకి ఆ సినిమాలో ఆ పూటతో సరి. రెండో వరసలో, ఎవరో ఒకరి భుజం చాటున, గడ్డం కాస్త దించుకుని నిలబడ్డవాళ్ళకి రేపూ పని ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి వరస కోసం తోసుకుంటుంటే ఈవిడ నిమ్మళంగా వెనక్కి జరిగేది. ఆవిడ అసలు పేరు గుంపుని పోగుచేసే ఏజెంటుకి గుర్తులేదు, అసిస్టెంట్ డైరెక్టర్లకి అక్కర్లేదు. ‘ఆ రెండో వరసావిణ్ణి పిలవండి’ అన్న పిలుపు అరిగి అరిగి వరసమ్మ అయింది.

ఆ పనిలోకి వచ్చిన మొదటి రోజు మాత్రం ఆవిడ మర్చిపోలేదు. మొగుడు పోయాక, పసివాణ్ణి పక్కింట్లో అప్పగించి స్టూడియో గేటు దగ్గరికి వెళ్ళింది. ఏజెంటు తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆగాడు. చోటు ఒక్కటే మిగిలింది, నిలబడ్డది ఇద్దరు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక సంచీ పిడిని నలుపుతున్న ఈవిడ వంక ఆ రెండో ఆవిడ ఒకసారి చూసింది. “ఆమెని తీసుకో నాయనా, నాకివాళ ఒంట్లో బాలేదు” అని, ఒంట్లో నిక్షేపంగా ఉన్న మనిషి చకచకా నడిచి వెళ్ళిపోయింది. తర్వాత ఎన్ని గేట్ల దగ్గర ఎంతమందిలో వెతికినా వరసమ్మకి ఆవిడ మళ్ళీ కనబడలేదు. పేరైనా తెలియదు.

కొడుకుని సినిమాకి తీసుకెళ్తే వాడు తెరంతా వెతికేవాడు. “నువ్వెక్కడమ్మా?” అనేవాడు. “అదిగో, ఆ లావుపాటాయన వెనక మోచెయ్యి కనిపిస్తోందే, అది నాదే” అనేది. వాడు ఆ మోచేతికే చప్పట్లు కొట్టేవాడు. వాడు పెద్దవాడై, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగంలో చేరి, తనకి నచ్చిన పిల్లని ఇంటికి తీసుకొచ్చినప్పుడు ఆ పిల్ల గుమ్మంలోనే, “మోచెయ్యి అత్తయ్యగారంటే మీరేనా?” అంది. వరసమ్మ పడీపడీ నవ్వింది. అప్పుడే సంబంధం ఖాయమైపోయింది.

అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు పెద్దలు. వీళ్ళిద్దరికీ ఆ బిరుదులు అక్కర్లేదు గానీ, సాయంత్రం టీ వేళకి ఒకరికొకరు కావాలి.

కోడలిది చిత్రమైన ఉద్యోగం. తనూ, బొమ్మలు గీసే ఒకాయనా కలిసి కంప్యూటర్‌లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నారు. ఆ ఆట ఆడేవాళ్ళు సినిమా స్టూడియోకి యజమానులు. నటుల్ని పెట్టుకోవాలి, సినిమాలు తీయాలి, మునిగిపోకుండా నిలబడాలి. ముఖాలు గీయడం బొమ్మలాయన వంతు. ఏ నటుడికి ఎంత విలువ, ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తరుగుతుంది అన్న రూల్సు రాయడం కోడలి వంతు.

“అయితే మనుషులకి వెల కట్టే పని అన్నమాట” అంది వరసమ్మ.

“మనుషులకి కాదత్తయ్యా, బొమ్మలకి.”

రూల్సు వినడానికి తేలికే. నటన ఎంత, పేరెంత, జనాన్ని హాలుకి రప్పించే శక్తి ఎంత, ఈ మూడూ కలిపి నూటికి ఇంత అని ఒక విలువ పడుతుంది. మాటలున్న వేషం వేస్తే అది పెరుగుతుంది, సినిమా పోతే తరుగుతుంది. ఏడాది తిరిగేలోగా ఏ స్టూడియో తీసుకోకపోతే ఆ ముఖం జాబితాలోంచి పోతుంది. ‘నటి వెళ్ళిపోయారు’ అని తెర మీద ఒక ముక్క పడుతుంది, ఆ చోట్లోకి ఇంకో ముఖం వస్తుంది.

ఆ ముక్క మొదటిసారి చూసినప్పుడు వరసమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది.

“ఎక్కడికి వెళ్ళిపోయింది?”

“ఎక్కడికీ లేదత్తయ్యా. జాబితాలోంచి పోయింది, అంతే.”

“అదే. అక్కణ్ణించి ఎక్కడికి పోతుంది?”

కోడలి దగ్గర దానికి రూలు లేదు.

ఆట ఎలా ఉందో తెలుసుకోవడానికి కోడలు రోజూ అత్తగారి చేతే ఆడించేది. “మీకు అర్థమైతే లోకానికి అర్థమైనట్టే” అనేది. “అంటే నేనంత మొద్దునా?” అని ఈవిడ. ఆడటం మాత్రం ఘోరంగా ఆడేది, ఉన్నమాట చెప్పుకోవాలి. మొదటిసారి, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, ఉన్నదంతా పోసి తొంభై విలువ హీరోని తెచ్చుకుంది. సెట్టుకి మేకులు కొనడానికి కూడా మిగల్లేదు. రెండోసారి జాబితా అడుగునుంచి అందరినీ ఏరుకొచ్చి, పనున్నా లేకపోయినా నెలనెలా జీతాలిస్తూ కూర్చుంది. ‘తీసెయ్’ అన్న మీట మీదికి ఆవిడ వేలు వెళ్ళదు. స్టూడియో మూతపడింది.

“ఆట బాగాలేదే” అంది.

“ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.”

“మద్దెల చేసింది నువ్వేగా. నిన్నే అంటున్నాను.”

ఇంత సరదాగా సాగుతున్నదాంట్లో కోడలు చేసిన పొరపాటల్లా ప్రేమకొద్దీ చేసిందే. అత్తగారి పుట్టినరోజుకి ఆవిడ ముఖాన్ని ఆటలో పెట్టాలనుకుంది. ఏదో పనుందని బొమ్మలాయన గదికి తీసుకెళ్ళి కెమెరా ముందు కూర్చోబెట్టింది. ఎవరైనా తిన్నగా చూస్తే వరసమ్మ గడ్డం దానంతటదే కిందికి దిగిపోతుంది, అదొక అలవాటు. కూరలమ్మే ఆయన చూసినా అంతే. బొమ్మలాయన “అమ్మా, కాస్త పైకి, ఇంకాస్త” అని బతిమాలి బతిమాలి అలిసిపోయాడు. చివరికి కోడలు వెనకనుంచి, “అత్తయ్యా, మోచెయ్యి బాగా పడింది, ముఖమే పడట్లేదు” అనేసరికి ఆవిడ తలెత్తి ఫక్కున నవ్వింది. ఆ నవ్వే పడింది ఫొటోలో. బొమ్మలాయన అంత అందంగానూ గీశాడు.

పుట్టినరోజు సాయంత్రం కోడలు ఆవిడ కళ్ళు మూసి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టి చేతులు తీసింది. తెర నిండా వరసమ్మ, తలెత్తి నవ్వుతూ, ముందు ఎవరి భుజమూ అడ్డం లేకుండా. దాని పక్కన వివరాలు. పేరు: లేదు. మాటలున్న వేషాలు: లేవు. విలువ: మూడు.

కోడలు అబద్ధం ఒక్కటీ నింపలేదు. ఉన్న సంగతులు నింపింది, లెక్క ఆటే కట్టుకుంది. ముందోసారి తెరిచి చూసుకుంటే సరిపోయేది. అత్తగారితో పాటే మొదటిసారి చూడాలని ఆశపడి చూసుకోలేదు.

“పోన్లే, సున్నా కాదుగా” అని నవ్వి వరసమ్మ వంటింట్లోకి వెళ్ళింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం కోడళ్ళ రివాజు. ఇక్కడ అత్తగారే కడిగిన గ్లాసుల్ని మళ్ళీ కడిగింది. నిజానికి అది కోపం కాదు, ఏడుపు. ఇన్నేళ్ళూ ఎవరూ వెల కట్టలేదు కాబట్టి, ఎంతో కొంత ఉండే ఉంటుందిలే అని ధైర్యంగా బతికింది. ఇప్పుడు అంకె తెలిసిపోయింది.

కోడలు వెనకే వచ్చింది. ముఖం కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. “మార్చేస్తానత్తయ్యా. నేను రాసిన రూల్సే కదా. ఎనభై వేస్తాను.”

“వెయ్యకు. ఇన్నేళ్ళలో నాకివ్వాల్సింది ఎగ్గొట్టినవాళ్ళున్నారు గానీ, జాలిపడి ఎక్కువిచ్చినవాడు లేడు. నువ్వు మొదలుపెట్టకు.”

ఆ తర్వాత టీ మానలేదు గానీ, వరసమ్మ తన గ్లాసు వంటింట్లోనే తాగేది. ఆట వైపు వెళ్ళలేదు. “ఏమైంది మీ ఇద్దరికీ?” అని కొడుకు అడిగితే, “ఏం లేదు” అని ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకే మాట మీదున్నారంటే వ్యవహారం ముదిరిందని అతనికి తెలుసు. నోరు మూసుకుని అన్నం తిని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆవిడకి కోడలితో కబుర్లు లేక తోచట్లేదు. కోడలికీ అంతే. ఇద్దరిలో ఎవరికీ అది చెప్పడం రాదు.

ఒక సాయంత్రం కోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది.

“రేపు ఆట కంపెనీకి అప్పగించేయాలి అత్తయ్యా. ఆటలో అన్ని ముఖాలకీ చోటు లేదు. ఆఖరిసారి ఆడి చూసేటప్పుడు స్టూడియోలో ఎవరుంటే వాళ్ళే ఉంటారు, మిగతావి తీసేస్తాం. ఆ ఆఖరి ఆట మీరే ఆడాలి. ఆ అంకె నేను ముట్టుకోలేదు, మీ మీద ఒట్టు. అయినా మిమ్మల్ని మీరు తీసుకోవచ్చు. ఒక్కసారి తీసుకుంటే చాలు, ఆ నవ్వు ఎప్పటికీ ఉంటుంది. నాకు ఉండాలని ఉంది.”

వరసమ్మకీ ఉండాలనే ఉంది. అంకె చూసినప్పటినుంచీ పైకి ఏమన్నా, లోపల ఉన్నది ఆ కోరికే. మోచేతికి చప్పట్లు కొట్టిన పిల్లాడు ఒక్కసారైనా తెర మీద అమ్మ ముఖం చూడాలని. చేతులు తుడుచుకుని వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు ఆవిడ ఆడిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పెద్ద హీరో జోలికి పోలేదు. నడిమి విలువవాళ్ళని చూసి చూసి పెట్టుకుంది, చిన్న సినిమా తీసి నిలదొక్కుకుంది, ఇంకోటి తీసింది. కోడలు పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఏడాది చివరికొచ్చేసరికి స్టూడియోలో ఇంకొక్కరికే చోటు మిగిలింది. ఈవిడ జాబితా అడుక్కి దిగింది.

అడుగున ఇద్దరున్నారు. మూడు విలువతో తను. దాని కింద రెండు విలువతో ఒక అమ్మాయి. బొమ్మలాయన ఏ ధ్యాసలో గీశాడో గానీ, ఆ పిల్ల ఒక భుజం ఎత్తి, రెండు చేతులతో సంచీ పిడిని పట్టుకుని నిలబడింది. ఎవరో పిలుస్తారని చూస్తున్నట్టుంది.

వరసమ్మ చాలాసేపు చూసింది. తన నవ్వుముఖాన్నీ చూసుకుంది. బాగుంది, కాదనలేదు. తర్వాత ఆవిడ వేలు కిందికి జరిగి, ఆ అమ్మాయిని తీసుకుంది.

“అదేంటత్తయ్యా.” కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. “ఆ అమ్మాయి ఎవరూ కాదు. ఊరికే ఊహించి గీసిన బొమ్మ.”

“అందుకేనే. నన్నెరిగినవాళ్ళు నాకున్నారు. వాడున్నాడు, నువ్వున్నావు. దానికి ఆ జాబితా తప్ప ఎవరున్నారు చెప్పు?” అని, కాస్త ఆగి, “నాకూ ఆ రోజు గేటు దగ్గర ఎవరూ లేరు. ఒకావిడ పక్కకి జరిగింది” అంది.

కోడలికి ఆ గేటు కథ తెలుసు. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఆటలో ఏడాది తిరిగింది. నవ్వుతున్న ముఖం మెల్లగా వెలిసిపోయి, ఆ చోట అక్షరాలు వచ్చాయి: నటి వెళ్ళిపోయారు.

కోడలు వాటివంకే చూస్తూ ఉండిపోయింది. కళ్ళు నిండాయి. అప్పటికే వరసమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

“ఎక్కడికీ పోలేదే అమ్మాయ్. ఇక్కడే ఉన్నాను, టీ పెడుతున్నాను” అని లోపల్నుంచి వినిపించింది.

కోడలు గబగబా వచ్చి, పొయ్యి ముందున్న ఆవిణ్ణి భుజాలు పట్టి తనవైపు తిప్పుకుంది. రెండు చేతులతో ముఖం పట్టుకుని తిన్నగా చూసింది. అలవాటు చొప్పున గడ్డం కిందికి దిగబోయింది.

“తల దించకండి అత్తయ్యా.”

“పాలు పొంగిపోతాయే.”

“పోనివ్వండి.”

పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. వరసమ్మ తల దించలేదు.