చెవి వెనక గడ్డకు ప్రార్థన

నిన్న సాయంత్రం అయిదూ ఇరవైకి, అమీర్‌పేటలో క్షవరం చేయించుకుంటుంటే, నా ఎడమ చెవి వెనక దువ్వెన ఆగింది. "అంకుల్, గిక్కడ గడ్డ ఉన్నది. డాక్టర్‌కు చూపించిండ్రా?" అని క్షవరం చేసే ఆయన కంగారుగా అడిగాడు. నాకు భయం వేయలేదు సరికదా, నవ్వు ఆగలేదు. కత్తెర తగులుతుంది, కదలొద్దన్నాడు.

ఆ గడ్డ మొదటిసారి నా వేలికి తగిలినప్పుడు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్తగా చేరాను. పెళ్ళి కుదిరి, ఉంగరాలు మార్చుకునే ప్రధానం దగ్గరపడుతోంది. పుస్తకాలు చదివే అలవాటు మంచిదే గానీ, లైబ్రరీలో వైద్యం పుస్తకాలు కూడా ఉంటాయి. వాటిని తిరగేసి, నేను ఎక్కువ కాలం బతకనని తేల్చుకున్నాను. నేను పోవడం కంటే, ఒక అమ్మాయిని కట్టుకుని, వెంటనే విధవను చేసి పోవడం ఎక్కువగా భయపెట్టింది. సంబంధం వదులుకుందామని అమ్మతో చెప్పేశాను.

అమ్మ డాక్టరు దగ్గరికి పోలేదు, చర్చికి పోయింది. మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆరాధన అయ్యాక జబ్బున్న మనిషిని ముందుకు పిలిచి, ఆ జబ్బేమిటో అందరికీ వినిపించేలా చెప్పి, తల మీద చేతులు పెట్టి ప్రార్థించేవారు. ఆ ఆదివారం చర్చి మొత్తం నా గడ్డను తడిమి చూసింది. అంతటితో ఆగక, వారమంతా స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థించిన నూనె సీసాలతో మా ఇంటికి వచ్చారు. ఉత్త నూనె ఎందుకని ఒకామె కర్పూరం కలిపింది, ఒకామె ఉల్లిరసం కలిపింది, మా పెద్దమ్మ అయితే మిరియాలు నూరి కలిపింది. ఎవరినీ కాదనలేక అన్నీ రాయించుకున్నాను. వారం తిరిగేసరికి మాడు మండడం మొదలైంది, దువ్వుకుంటే పొట్టు రాలేది. జబ్బు తలంతా పాకిందని నాకిక అనుమానం లేకపోయింది.

అప్పుడు వచ్చింది నాకు కుదిరిన ఆ అమ్మాయి, వాళ్ళ పిన్నిని వెంటబెట్టుకుని. గుంటూరు వైపు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో ఉంటున్న కుటుంబం, మా చర్చే, కాబట్టి నా గడ్డ సంగతి ఆమె కూడా అందరితో పాటే విన్నది. వస్తూనే గడ్డ మీద వేలు పెట్టింది.

"ఇదేనా అండీ? మా నాన్నగారి వీపు మీద ఇంతకంటే పెద్దదుంది. దాంతోనే మా నలుగుర్నీ పెంచారు. పెళ్ళి ఆపేంత సైజు లేదిది. లేవండి, డాక్టరు దగ్గరికి పోదాం."

పంజాగుట్టలో డాక్టరు దాన్ని అటూ ఇటూ కదిపి, ఉత్త కొవ్వు గడ్డ, దాని మానాన దాన్ని వదిలేయమన్నాడు. తర్వాత ముక్కు దగ్గరగా పెట్టి నా తల వాసన చూశాడు. "గిదేంది భాయ్, తలకు పోపు పెట్టిండ్రా?" అన్నాడు. నూనెలు మానేస్తే మంట అదే పోతుందట.

బయటికొచ్చి మేం బస్సెక్కలేదు. అమీర్‌పేట దాకా ముగ్గురం నడిచే వచ్చాం. నా జీవితంలో అంత గట్టిగా, అన్నేసి మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు. దారిలో కనిపించిన ప్రతి దుకాణం బోర్డూ పైకి చదివానని, నాకు నిజంగానే తలలో ఏదో ఉందని పిన్ని భయపడిందని, పెళ్ళయ్యాక ఆమె ఎన్నేళ్ళయినా నాతో చెబుతూనే ఉండేది.

మరుసటి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని అమ్మ నన్ను లేపింది. స్వస్థత కలిగిందనాలి, గడ్డేమో అక్కడే ఉంది. అబద్ధమాడలేక, గడ్డ ఉంది, నేనూ ఉన్నాను, అనేసి కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క నవ్వు గట్టిగా వినిపించింది. ఎవరిదో నేను చూడకుండానే చెప్పగలిగాను. అనుకున్న రోజుకే ప్రధానం జరిగింది.

పోయిన ఏడు ఆమె చనిపోయింది. జబ్బు పడ్డప్పుడు పేరు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. జబ్బేమిటో రాయలేదు, మర్యాద కాదని. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఇళ్ళలో ప్రార్థించే ఉంటారు. ఆమె తల మీద నేనొక్కణ్ణే చెయ్యి పెట్టాను. ఇప్పుడు మా చర్చిలో జబ్బు మనిషిని ముందుకు పిలవడం లేదు.