పిడకల గోడ దగ్గర మాట నేర్పిన మేడం

మా మాటల మేడం పోయారని శుక్రవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. పాలు పోయడం ఆపేసి అలాగే కూర్చుండిపోయాను.

సంతోష్‌నగర్‌లో మాది బర్రెల డెయిరీ. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ కాస్త నయమయ్యాయి గానీ మాట రాలేదు. గల్లీ ఆ చివరికి వినబడే గొంతు నాది! "ఇంట్ల లొల్లి బందైంది" అని మా ఆయన నన్ను నవ్వించబోయి, తనే కళ్లు తుడుచుకున్నాడు. ఇక మూగదానిగానే పోతానని భయపడ్డాను.

మేడం రెండు గల్లీల అవతల ఉండేవారు. మాట పోయినవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి పద్యాలు చదివిస్తూ, అడుగులు వేయిస్తూ, ఊపిరి సరిచేస్తూ మాట తెప్పించేవారు. నేనూ చేరాను గానీ, అందరి ముందూ చేతులు చాపి "ఆ..." అనాలంటే నాకు సిగ్గు. వారానికే మానేశాను.

ఆమే మా కొట్టానికి వచ్చారు. నేను గోడకు పిడకలు కొడుతున్నాను. కాసేపు చూసి, ఇస్త్రీ చీర కొంగు నడుముకు దోపారు.

"గిదే మంచిగుంది బిడ్డా. ముందు ఊపిరి తీస్కో. పిడక కొట్టంగనే ఒక్క అక్షరం ఇడువు."

చెప్తే నమ్మరు, తనే పేడముద్ద తీసి ఠపీమని కొట్టి "బ" అన్నారు. ఇంకోటి కొట్టి "ర్రె" అన్నారు. నేనూ కొట్టాను. ఉత్త గాలే వచ్చింది.

"గాలొచ్చింది గదా! గాలెంబడి మాటొస్తది. ఫికర్ జెయ్యకు."

ఎండాకాలమంతా రోజూ వచ్చారు. ఒకరోజు మా ఆయన కొట్టం పక్కనే పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూస్తున్నాడు. పిడక కొట్టి "పా" అన్నాను. ఇంకోటి కొట్టి "లు" అన్నాను. మూడో పిడక చేతిలో ఉండగానే "పొంగుతున్నయ్!" అని అరిచాను. ఆయన పాలు వదిలేసి నా దగ్గరికి ఉరికాడు.

"ముందుగాల పొయ్యి బంద్ చెయ్ తమ్మీ!" అని మేడం మొత్తుకున్నారు.

మాటతో పాటు నా తిట్లూ తిరిగొచ్చాయి. వాటికీ మేడం పద్ధతి నేర్పారు. "తిట్టు, వద్దంటలేను. తొందరపడకు."

ఆఖరి నెలలో ఊపిరితిత్తుల జబ్బుతో ఆమెకే గాలి అందలేదు. ఆక్సిజన్ గొట్టం పెట్టారు, మాట లేదు. నాకు గొంతు ఇచ్చిన మనిషికి నేనేమీ చేయలేకపోయానని ఏడుపొచ్చింది.

"ఏం చెయ్యమంటరు మేడం?" అని అడిగితే, మాట్లాడమన్నట్టు నా నోటివైపు చూపించారు.

మంచం పక్కన కూర్చుని గల్లీ కబుర్లన్నీ చెప్పాను. ఏ బర్రె ఈనిందో, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, మా ఆయన ఏమన్నాడో. ఆమె కళ్లు మూసుకున్నారు. నిద్రపట్టిందనుకుని ఆగాను. ఒక కన్ను తెరిచారు. మళ్లీ మొదలుపెట్టాను. పొద్దుగూకేదాకా అంతే. నేను ఆగినప్పుడల్లా ఆ కన్ను తెరుచుకునేది.