గ్లాసు తిప్పే మేడం

గ్రంథాలయం బయట బడ్డీ కొట్టులో మా కాలేజీ లెక్కల మేడం చక్కెర లేని టీని కూడా గ్లాసు గిరగిరా తిప్పి తాగేవారు.

"అందులో ఏం కరగాలండీ?" అని నవ్వేవాణ్ణి.

"చిన్నప్పటి అలవాటండీ."

కంటికి ఆనని లోహపు నలుసులు కలిసిన ద్రవంలో సూక్ష్మజీవులు ఈదితే ఆ ప్రవాహం ఎలా మారుతుందో సమీకరణాల్లో చెప్పడం ఆవిడ పీహెచ్‌డీ. అది అర్థం చేసుకోవడానికి నేను గ్రంథాలయంలో రెండు అలమారాలు తిరగేశాను.

వైవాకి నన్నూ పిలిచారు. మిరప రైతైన వాళ్ల నాన్న పక్కనే కూర్చున్నాను.

"నలుసులు చాలవా అమ్మా? ఈ జీవులెందుకు? ఇది చెప్పలేకపోతే థీసిస్ నిలబడదు" అన్నారు పరీక్షకుడు.

మేడం చెయ్యి గాల్లో గుండ్రంగా తిరిగింది.

"మిరపకు కొట్టే పొడిమందు నీళ్ల డ్రమ్ములో అడుక్కి దిగిపోతుందండీ. కర్రతో కలుపుతూనే ఉండాలి. మా చేలో ఆ పని నాది. ఇక్కడ ఈదే జీవులే ఆ కర్ర. అవి కలుపుతుంటే నలుసులు పేరుకోవు."

అప్పటిదాకా ఒక్క ముక్కా అర్థంకాని వాళ్ల నాన్న చటుక్కున లేచారు.

"ఆ కర్ర ఇచ్చింది నేనేనండీ!"

హాలంతా చప్పట్లు. పరీక్షకుడు కూడా నవ్వేశారు.

"రండి డాక్టర్‌గారూ, టీ తాగుదాం" అన్నారాయన.

బడ్డీ కొట్టులో ఆవిడ గ్లాసు తిప్పారు. ఆవిడతోపాటు మేమందరమూ తిప్పాం.