వార్చిన నీళ్లు

మా బావ టైలరు. పనిమంతుడే, కాదనను. ఒక భుజం కిందికి జారిన మనిషికి కూడా రెండు భుజాలూ సమంగా కనపడేలా కోటు కుట్టగలడు. కానీ మెడలో టేపు వేలాడేసుకున్న ప్రతివాడూ డాక్టరు కాడని ఆయనకు చెప్పే నాథుడు లేకపోయాడు. అక్క చెప్పదు. మరదలిని కాబట్టి నేను చెబుతాను, ఆయన వినడు.

వానలు వెనకబట్టి చలి ఇంకా మొదలుకాని రోజుల్లో ఆయనకు పూనకం వస్తుంది. బజారులో గుమ్మడికాయలు, చిలగడదుంపలు దిగుతాయి. తోపుడుబండ్ల మీద ఆపిల్ పళ్లు, బేరిపళ్లు, దానిమ్మలు నిగనిగలాడతాయి. ఇక ఇంటి ముందు గదిలోని ఆయన కొట్టుకు కొలతలివ్వడానికి వచ్చినవాడి పని అయిపోయినట్టే. చేతులు చాపి నిలబడ్డవాడు ఎక్కడికని పారిపోతాడు? బావ వాడి నడుం చుట్టూ టేపు బిగించి మొదలుపెడతాడు.

"పోయినసారి కంటే బాగా పెరిగారు సార్. గుమ్మడికాయ తినండి. అందులో పీచుంటుంది, కడుపు నిండుతుంది, ఒళ్లు రాదు. ఆ పసుపు రంగుంది చూశారూ, అది కళ్లకు మంచిది. ఆపిల్ తొక్క చెక్కేయకండి, సగం బలం తొక్కలోనే పోతుంది. ఏ కాలంలో కాసేది ఆ కాలానికి మందు సార్."

"నా షర్టు ఎప్పుడిస్తారు మాస్టారూ?"

"షర్టుదేముంది సార్, ముందు ఒళ్లు బాగుండాలి గానీ!"

అంటే షర్టు గుడ్డ ఇంకా కత్తిరించలేదని అర్థం. వీధిలో అందరూ ఆయన్ని పళ్ల డాక్టరు అనేవారు. అది వెక్కిరింత అని ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఇంత చెప్పే మనిషి తాగే టీలో మాత్రం చక్కెర పాకంలా ఉండాలి. మిషను సొరుగులో దారపుకండెల వెనక బిస్కెట్లు ఉంటాయి. అడిగితే అవి కస్టమర్ల కోసమట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆయన చెప్పేవి అబద్ధాలు కావు. ఆ కాలపు పళ్లూ కూరలూ మంచివే. ఒంట్లో అన్నీ సవ్యంగా ఉన్నవాళ్లు హాయిగా తినొచ్చు. అయితే ఒకరి కొలతలతో ఇంకొకరికి ప్యాంటు కుట్టకూడదని తెలిసిన పెద్దమనిషి, తిండి దగ్గరికి వచ్చేసరికి ఊరందరికీ ఒకే కొలత పెట్టాడు. ఇంట్లో పెళ్లానికి కూడా అదే కొలత.

అక్కకు షుగరు ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నాయి. డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. బావకు తీరికేదీ, ఎవరికో బత్తాయిల గొప్పతనం చెబుతున్నాడు. డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పింది.

"కూరల్లో పళ్లలో పొటాషియం ఉంటుందమ్మా. మంచి కిడ్నీ అయితే ఎక్కువైనదాన్ని బయటికి తోసేస్తుంది. మీ కిడ్నీ తోయలేదు. అది రక్తంలో పేరుకుపోతే గుండె ఆగిపోతుంది. గుమ్మడి, చిలగడదుంప, దానిమ్మ, బత్తాయి వద్దు. తినగలిగిన కూరలైనా చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోసి అప్పుడు వండుకోండి."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే బావ కత్తెర బల్ల మీద పడేశాడు.

"నీళ్లు పారబోయాలా? సారమంతా నీళ్లలోకి దిగితే, అది సింకులో పోసి పిప్పి తినమందా? ఎక్కడ చదివిందిట ఆవిడ?"

"మీరు చదివిన చోట మాత్రం కాదు బావా."

ఆయన మూతి ముడుచుకుని మిషను తొక్కుకున్నాడు. అక్క మాత్రం చెప్పినట్టే చేసింది. రోజూ ముక్కలు ఉడకబెట్టి, చిల్లుల గిన్నెలో వార్చి, చప్పటి కూర వండుకుని తినేది. అక్క గట్టిగానే ఉందిలే అని నేనూ అనుకున్నాను.

కొన్నాళ్లకు ఒక ఉదయం వెళ్లేసరికి అక్క వంటింట్లో కుర్చీలో కూలబడి ఉంది. "కాళ్లు లేవడం లేదే," అంది. మాట కూడా పీలగా వస్తోంది. బావ పక్కన నిలబడి నీరసమని దానిమ్మ ఒలుస్తున్నాడు! ఆ గిన్నె లాగి అవతల పెట్టి ఆటో పిలిచాను. ఆసుపత్రిలో గుండె చప్పుడు చూసి నర్సులు పరుగులు పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

డాక్టరమ్మ ఏం తిన్నావని అడిగితే అక్క తెలియదంది. ఆవిడ పక్క మంచం దగ్గరికి వెళ్లాక నేను పట్టుకున్నాను.

"నిజం చెప్పవే. గుమ్మడికాయ పెట్టాడా?"

"లేదే. నేను వార్చిన నీళ్లు ఆయన కింద గిన్నె పెట్టి పట్టేవాడు. మిరియాల పొడి వేసి మళ్లీ కాచి సూపని ఇచ్చేవాడు. సాయంత్రం పూట."

"అవి ఏ నీళ్లో తెలిసే తాగావా?"

"తెలుసు."

అక్క దుప్పటి అంచు సర్దుకుంటూ అంది, "పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన నాకోసం పొయ్యి వెలిగించింది అదే మొదటిసారే. గ్లాసు తెచ్చి, ఊదుకుని తాగు, వేడిగా ఉంది అనేవాడు. నేను తాగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. ఆయనకు చెప్పకే, నీకు దండం పెడతాను. చెబితే ఇక వంటింట్లోకి రాడు."

ఇలాంటి మాటలు వింటే నాకు జాలి కాదు, అసహ్యం వేస్తుంది. మొగుడు ఒక గ్లాసు చేతికిస్తే అందులో ఏముందో తెలిసీ తాగే ఆడదాన్ని ఏమనాలి? నా సొంత అక్క కాబట్టి ఏమీ అనలేదు. తిన్నగా వరండాలోకి పోయి బావతో చెప్పేశాను.

"బలం కదా అది?" అన్నాడు ముందు.

"ఎవరికి బావా?"

ఆయన బెంచీ మీద చతికిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు కూడా మంచి అభిప్రాయం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు. అక్క ఇంటికొచ్చేసరికి భయం పోయి ఉక్రోషం మిగిలింది. "మంచికి పోతే చెడు ఎదురైంది. మీ వంటింటి జోలికి నేను రానమ్మా," అని గడప ఇవతలే నిలబడి చెప్పాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా, మహానుభావుడు. మంచినీళ్లు కావాలన్నా ముందు గదిలోంచి కేకే. కొట్లో మాత్రం యథాప్రకారం ఉపన్యాసాలు.

మొన్న పరీక్షలు చేయిస్తే అక్కకు అన్నీ అదుపులో ఉన్నాయని డాక్టరమ్మ మెచ్చుకుంది. ఇంటికొచ్చాక అక్క క్యారెట్ ముక్కలు ఉడికించి సింకులో వారుస్తోంది. నేను పక్కనే నిలబడి, "చూశావా, ఆ రోజు నేను బావకు చెప్పబట్టి బతికావు," అన్నాను. ఇప్పటికీ చెప్పడమే మంచిదంటాను.

అక్క నీళ్లన్నీ పోయేదాకా గిన్నె వంచే ఉంచింది.

"అంత జరిగాక ఇకమీదట తాగకూడదని నాకు మాత్రం తెలియదటే?" అంది. "నువ్వు చెప్పి ఉండకపోతే, ఆయన అటు తిరగ్గానే సింకులో పోసేసేదాన్ని. గ్లాసు మాత్రం అందుకునేదాన్ని కదే."