ఉచితమైన పాఠం

మా మేనకోడలిని ఇంట్లో అందరూ బుట్ట అంటారు. కనిపించిన ప్రతిదీ ఏరి దాచుకోవడం దాని చిన్ననాటి అలవాటు. అప్పట్లో గుండీలు, రంగుకాగితాలు. కాలేజీలో చేరాక పాఠాలు. గణాంకశాస్త్రం మీద ఊరికే దొరికే వీడియో ఏదైనా దాని ఫోనులోకి చేరవలసిందే. చేరినదాన్ని చూసే తీరిక మాత్రం దానికి ఉండేది కాదు. అప్పటికే మరొకటి వెతుకుతూ ఉండేది.

చివరికి ఆ గణాంకశాస్త్రం పరీక్షే తప్పింది. బద్ధకం వల్ల కాదు. సంభావ్యత లెక్కను ఒక మాస్టారి పద్ధతిలో మొదలుపెట్టి, మధ్యలో మరొకరి గుర్తులు వాడి, ఇంకొకరి సూత్రంతో ముగించింది. ముగ్గురూ సరిగ్గానే చెప్పారు. జవాబు మాత్రం ఎవరిదీ కాలేదు. మళ్లీ తప్పితే పై తరగతికి పంపరు.

ఒక సాయంత్రం హాస్టలు గదినుంచి, స్పీకరు పెట్టి, ఫోను చేసింది.

"అత్తా, నాకు ఉచితమైన పాఠం ఒక్కటి చూపించవూ?"

"ఉచితమంటే ఊరికే వచ్చేదా, తగినదా? ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయే తల్లీ. ఏది కావాలో తేల్చుకుని అడుగు."

పక్క మంచం మీది స్నేహితురాలు కిసుక్కున నవ్వడం వినిపించింది.

"తగినదే అత్తా," అంది బుట్ట, గొంతు తగ్గించి. "ఆన్‌లైన్లో పాఠాలు చెప్పే ఒక మేడమ్ ఉన్నారు. డబ్బు కట్టాలి. నమూనా పాఠంలోనే, చివరి అధ్యాయాలు మీ పరీక్షకు అక్కర్లేదు, వదిలేయండి అన్నారు. ఏడుపొచ్చింది నాకు. వదిలేయమని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

"బాగుందే నీ బేరం!" స్నేహితురాలు అందుకుంది. "వదిలేయమని చెప్పడానికి డబ్బులా? నాకివ్వు, మొత్తం వదిలేయమంటాను!"

"నువ్వు నా లెక్కలు దిద్దుతావా మరి? ఆవిడ దిద్దుతారు."

దిద్దుతారన్న మాట విన్నాక నేను అడగవలసినదేమీ మిగలలేదు.

చెప్పులకని దాచుకున్న డబ్బు కట్టి బుట్ట ఆవిడ దగ్గర చేరింది. తెగిన చెప్పుకు పిన్నీసు గుచ్చుకుని కాలేజీకి నడిచింది. దాని మొదటి జవాబును మేడమ్ దిద్ది, కింద ఇలా రాసి పంపారు: "ఇందులో ముగ్గురు మాట్లాడుతున్నారు. నువ్వెక్కడ?"

ఆ రోజే ఫోనులో ఏరి దాచుకున్న పాత పాఠాలన్నీ తుడిచేసింది. చిన్నప్పుడు వాళ్లమ్మ గుండీల డబ్బా పారేసిన రోజు కూడా తనకంత బెంగ కలగలేదట.

ఫలితాలు వచ్చిన రోజు మళ్లీ ఫోను మోగింది.

"అత్తా, గట్టెక్కాను!"

"అత్తయ్యగారూ," వెనుకనుంచి స్నేహితురాలి కేక, "ఆ మేడమ్ పాఠాలు నాకూ పంపమనండి దీన్ని. ఊరికే!"

"ఉచితమైనది ఊరికే రాదే! కొనుక్కో," అంది బుట్ట.

ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ లేదు. చెప్పులు మాత్రం నేను కొని పంపాను.